ఓనరు రావాలన్నారు

పూజా సామాన్ల కొట్టు మెట్లు దిగేసరికి బండి లేదు. ఒక చేతిలో నల్ల నువ్వుల పొట్లం, ఇంకో చేతిలో దర్భకట్ట. కంగారులో అటు పక్క పెట్టానేమో అనుకుని అటు వెళ్ళి చూశాను. అక్కడా లేదు. తిరిగొచ్చి తల పైకెత్తితే ఫ్లెక్సీలో నాన్న నవ్వుతున్నారు. అనుమానం లేదు, చోటు అదే. నేను బండి పెట్టింది సరిగ్గా ఆ ఫ్లెక్సీ కిందే.

"నీలం స్కూటర్ మీదేనా అమ్మా? ట్రాఫిక్ వాళ్ళు ఎత్తుకుపోయారు" అంది పక్కన బంతిపూలు అమ్ముకునే ఆవిడ. "ఎవరిదమ్మా ఎవరిదమ్మా అని గొంతు పోయేలా అరిచాను. మీకు వినపళ్ళేదు."

రోడ్డు మీద సుద్దముక్కతో బండి నంబరు, కింద స్టేషన్ పేరు రాసి ఉన్నాయి. ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. బండి పోయినందుకు కాదు. ఆ బండి డిక్కీలో, ఎర్రగుడ్డ కట్టిన మట్టి ముంతలో, మా నాన్న అస్థికలు ఉన్నాయి.

అక్కడ ఎందుకు పెట్టావమ్మా అని అడుగుతారు. చెబుతాను. నాన్నకి నేనొక్కదాన్నే. "నా కర్మ నా కూతురే చేస్తుంది" అని బతికుండగానే పదిమందిలో అనేశారాయన. మున్సిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఈల వేస్తే లైన్లో నిలబడ్డమే గానీ ఎదురుచెప్పిన వాళ్ళు లేరు. పోయాక మాత్రం ఆయన తమ్ముడు, మా బాబాయి, ఎదురుచెప్పాడు. తలకొరివి తను పెడతానన్నాడు. ఆడపిల్ల చేతుల మీదుగా జరిగితే అన్నయ్యకి సద్గతి ఉండదన్నాడు. అప్పటిదాకా ఏడవకుండా గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మ ఒక్కసారి తలెత్తి, "ఆయన ఎలా చెప్పారో అలాగే జరుగుతుంది" అంది. మళ్ళీ గోడకి ఆనుకుంది.

ఆ రోజు నుంచీ బాబాయి నా చేతులనే కనిపెట్టుకుని ఉన్నాడు. నీళ్ళు వదిలేటప్పుడు నా వేళ్ళు అటూ ఇటూ అయితే చాలు, గట్టిగా దగ్గేవాడు. ఎక్కడో ఒకచోట నేను తప్పు చేస్తాను, అప్పుడు అమ్మ వైపు తిరిగి "చూశావా వదినా" అనొచ్చు. అదీ ఆయన ఎదురుచూపు. నాకు బాబాయితో పట్టింపు లేదు. ఆ ఒక్క మాటా అమ్మ చెవిన పడకూడదు, అంతే. నాన్న మాటకి అమ్మ అండగా నిలబడింది. నేను తప్పు చేస్తే తలొంచుకోవాల్సింది అమ్మ.

అస్థికలు అప్పటిదాకా శ్మశానంలోనే ఒక గదిలో భద్రంగా ఉంచాం. పెద్దకర్మ దగ్గర పడుతోంది కాబట్టి ఆ ఉదయం గోదాట్లో కలపడానికి పంతులు గారు ముహూర్తం చెప్పారు. అమ్మని, బాబాయిని, పంతులు గారిని మా ఆయన ఆటోలో కోటిలింగాల రేవుకి తీసుకెళ్ళారు. ముంత తెచ్చే పని నాది. "ఎక్కడా ఆగకు తల్లీ, ఎవరి గుమ్మమూ తొక్కకు, తిన్నగా రేవుకి వచ్చెయ్" అని పంతులు గారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. బండి నాన్నదే. రోజూ పొద్దున్నే పాత బనీను ముక్కతో తుడిచి గానీ కాఫీ తాగేవారు కాదు. ఆయన బండి మీదే ఆయన్ని తీసుకెళ్దామనిపించింది. కాళ్ళ దగ్గర పెట్టకూడదు కదా, అందుకని ఆయన కూరల సంచీ తగిలించుకునే కొక్కేనికి ముంత ఉన్న సంచీ తగిలించాను. మోకాలికి తగులుతుంటే మెల్లగా నడిపాను.

సగం దారిలో మా ఆయన ఫోన్. నల్ల నువ్వులూ దర్భలూ ఇంట్లోనే మర్చిపోయారట. వెనక నుంచి బాబాయి గొంతు వినపడుతూనే ఉంది, "ముందే చూసుకోవద్దూ, ముందే చూసుకోవద్దూ" అని. ఇంటికి వెనక్కి వెళ్తే ఆలస్యమైపోతుంది. పన్నెండుకి వర్జ్యం, పంతులు గారికి ఆ తర్వాత వేరే రేవులో ఇంకో కార్యం. మెయిన్ రోడ్డు పక్క సందులో కొట్టుంది, అక్కడ ఆగాను. కొట్టు గుమ్మంలో లక్ష్మీదేవి పటం, వెలుగుతున్న దీపం. ముంతతో లోపలికి ఎలా వెళ్తాను? కొక్కేనికి వదిలేసి వెళ్ళడానికి మనసొప్పలేదు. డిక్కీలో పెట్టి తాళం వేశాను.

సందు మొదట్లో నాన్న ఫ్లెక్సీ ఉంది. సాయంత్రాలు ఆయనతో కలిసి అక్కడి టీ కొట్టు దగ్గర కూర్చునే స్నేహితులు కట్టించారు. పైన అశ్రునివాళి అని, మధ్యలో తెల్ల చొక్కాలో నాన్న, కింద పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆ కబుర్లలో పడి ఆయన ఏనాడూ చెప్పిన టైముకి ఇంటికొచ్చింది లేదు. అమ్మ గేటు దగ్గరే నిలబడి, "ఎప్పుడనగా వెళ్ళారు, ఇప్పుడా రావడం?" అనేది. రోజూ అదే మాట. బండి ఆ ఫ్లెక్సీ కింద పెట్టాను. రెండు నిమిషాలేగా, నాన్న చూస్తూనే ఉంటారు అనుకున్నాను. నవ్వకండి, నిజంగా అలాగే అనుకున్నాను.

ఆటో ఎక్కి ట్రాఫిక్ స్టేషన్ పేరు చెప్పాను. ఒళ్ళో దర్భలు, నువ్వులు. కూడలి దగ్గర ఎవరో ఎదురొచ్చి ఆటో ఆగితే, ఎదటివాడి మీద కేకలేశాను. ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్ను చూసి వేగం పెంచాడు. ఇంతలో ఫోను మోగింది. తెర మీద "నాన్న" అని వెలిగింది. అమ్మకి సొంత ఫోను లేదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆయన ఫోను చేతిలోంచి వదలట్లేదు. తెలిసి కూడా ఆ పేరు చూసేసరికి "నాన్నా" అనబోయాను.

"ఎక్కడున్నావే?"

"ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానమ్మా. లారీ ఏదో అడ్డంగా ఆగిపోయింది. వచ్చేస్తున్నా."

"సరే, నెమ్మదిగా రా. కంగారు పడకు. నేనున్నానుగా" అని పెట్టేసింది. అబద్ధం ఇంత సులువుగా అతికిందేమిటా అని నాకే ఆశ్చర్యమేసింది.

స్టేషన్ పక్కన ఖాళీ స్థలం నిండా బండ్లు. ఒకదాని మీద ఒకటి వాలిపోయి, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. గేటు పక్కనే చిన్న ఆంజనేయస్వామి గుడి. గుడి గోడకి ఆనించి, వాటన్నిటిలోకీ శుభ్రంగా మెరుస్తూ, నాన్న బండి. పరుగెత్తబోయాను. కుర్చీలో కూర్చున్న హోంగార్డు లేచి చేతులు అడ్డం పెట్టాడు. తల నెరిసిన మనిషి, నుదుట సింధూరం.

"ఆగండమ్మా, అలా లోపలికెళ్ళకూడదు. ముందు మేడం గారికి కాయితాలు చూపించాలండి."

"బాబూ, బండి తర్వాత ఇద్దురుగాని. డిక్కీలో నా సామాను ఉంది, అదొక్కటీ ఇచ్చేయండి."

"ఏం సామానండి?"

నోటి దాకా వచ్చింది. ఆయన వెనకే స్వామి విగ్రహం, అప్పుడే వెలిగించిన అగరొత్తుల పొగ. ఉన్నమాట చెబితే గుడి పక్కన ఇదేం అపచారమని గోల చేస్తే? ఎవరో ఒకరు ఫోను తీసి వీడియో తీస్తే? అది బాబాయి దాకా పాకడానికి ఎంతసేపు?

"పూజ సామానండి" అన్నాను.

"అలాగైతే గుడి పక్కనే ఉంది లెండి, ఏం భయం లేదు" అన్నాడాయన నిశ్చింతగా. నాకు తల బాదుకోవాలనిపించింది.

లోపల ఎస్సై గారు, నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల ఈడు అమ్మాయి. పక్క బల్ల దగ్గర ఒక కానిస్టేబులు. నా లైసెన్సు చూసింది, బాగానే ఉందంది. ఫోన్లో ఆర్సీ చూపించాను.

"ఇందులో వేరే పేరుంది. ఎవరండి ఈయన?"

"మా నాన్నగారు."

"ఆయన్ని రమ్మనండి. ఈమధ్య కూతుర్నని చెప్పి ఒకావిడ ఎవరిదో బండి పట్టుకుపోయింది. అప్పట్నుంచీ ఓనరు రాకుండా ఇవ్వట్లేదు."

"ఆయన రాలేరండి."

"ఊళ్ళో లేరా?"

పోయారు అన్న మాట అప్పటి వరకూ నా నోటితో నేను ఒక్కసారి కూడా అనలేదు. బంధువులందరికీ ఫోన్లు చేసింది మా ఆయన. పలకరించడానికి వచ్చిన వాళ్ళతో మాట్లాడింది బాబాయి. నేను పంతులు గారు చెప్పింది చెయ్యడం, వంటింట్లో పని చూసుకోవడం, అంతే. ఆ మాట అక్కడ, ఆ పిల్ల ముందు, ఫ్యాను గరగరలాడుతున్న ఆ గదిలో అనడానికి నాకు నోరు రాలేదు. నాకు ఏడుపు రావాల్సిన చోటల్లా కోపం వస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

"ఎందుకు రాలేరో మీకనవసరం. ముందు మీరు బండి ఎందుకు ఎత్తారో చెప్పండి."

"నో పార్కింగ్‌లో పెట్టారు కాబట్టి."

"ఎక్కడుంది నో పార్కింగ్? బోర్డేది? ఆ సందు నాకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుసు. బోర్డు లేని చోట బండ్లు ఎత్తుకుపోయి జనాన్ని ఏడిపించడమేనా మీ పని? రాసివ్వండి నాకు, బోర్డు ఉందని రాసివ్వండి. ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్తాను!"

క్లాసులో వెనక బెంచీ దాకా వినపడే గొంతు నాది. బయట ఉన్న వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూస్తున్నారు. గోడ గడియారం చూస్తే పదకొండు దాటిపోయింది. రేవులో పంతులు గారు సంచీ సర్దుకుంటూ ఉంటారు. బాబాయి అమ్మ వైపు తిరుగుతూ ఉంటాడు. నోరు మూసుకుని కాళ్ళావేళ్ళా పడాల్సిన సమయంలో నేను న్యాయం మాట్లాడుతున్నాను. తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోతున్నాను.

ఎస్సై గారు విసుక్కోలేదు. దాంతో నాకు ఇంకా మండింది. "ఎత్తే ముందు ఫొటో తీస్తామండి. చూపించు" అంది కానిస్టేబులుతో.

అతను ఫోను నా ముందు పెట్టాడు. ఫొటోలో నాన్న బండి, పైన ఫ్లెక్సీలో నాన్న. గాలికి ఫ్లెక్సీ ఒక మూల లేచి ఉంది. ఆ మూల వెనక, ఇనుప స్తంభానికి, ఎర్ర గీత కొట్టిన గుండ్రటి బోర్డు. ఫ్లెక్సీ కట్టిన వాళ్ళకి వెదురు బొంగు పాతే శ్రమ తప్పుతుందని ఒక పక్క తాడు తిన్నగా ఆ స్తంభానికే బిగించేశారు.

"అది బోర్డు కాదాండి?"

"ఫ్లెక్సీ అడ్డం పెట్టుకుని ఉంటే నాకెలా కనపడుతుంది? నాకు దివ్యదృష్టి ఉందా? ఎవడో బుద్ధి లేనివాడు బోర్డు మీద ఫ్లెక్సీ కడితే దానికి నా బండి ఎత్తుకొస్తారా?"

ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చాక నాకే చెంప చెళ్ళుమన్నట్టయింది.

"ఆవిడ చెప్పిందాంట్లో నిజముంది" అంది ఎస్సై గారు. "బోర్డులు కప్పేసి ఇష్టమొచ్చినట్టు కట్టేస్తున్నారు. కట్టిన వాళ్ళ మీద కూడా రాద్దాం. ఎవరిదయ్యా అది? పేరు చూడు."

కానిస్టేబులు రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేశాడు. నాన్న మొహం తెరంతా నిండి, పక్కకి జరిగి, కింద అక్షరాలొచ్చాయి. అతను పైకి చదివాడు. ఇంటిపేరుతో సహా చదివాడు. చదివి ఆగిపోయాడు. బల్ల మీద ఇంకా వెలుగుతూ ఉన్న నా ఫోను వైపు, ఆర్సీ వైపు చూశాడు.

"మేడం" అన్నాడు మెల్లగా. "ఇదే పేరండి. ఓనరు పేరు ఇదేనండి."

ఎస్సై గారు ఆ ఫోను తీసుకుని చూసింది. పోయిన తేదీ చూసినట్టుంది. తలెత్తి నన్ను చూసింది.

"మీ నాన్నగారు... ఈయనేనాండి?"

"ఈయనే. ఓనరు రావాలన్నారు కదా. వచ్చారండి. నాకన్నా ముందే వచ్చారు. బయట ఆంజనేయస్వామి గుడి పక్కన డిక్కీలో ఉన్నారు. మా నాన్న పోయారండి. పోయారు. అస్థికలు గోదాట్లో కలపాలి, పన్నెండుకి వర్జ్యం, రేవులో మా అమ్మ కూర్చుని ఉంది, నేను లారీ ఆగిపోయిందని అబద్ధం చెప్పాను." ఇంకా ఏమేమో అన్నాను. ఏమన్నానో తెలియదు. బల్ల మీద దర్భకట్ట పడేసి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, నాన్న పోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపంతా అక్కడ ఏడ్చాను.

ఎస్సై గారు కుర్చీలోంచి లేచి నిలబడింది. "చెప్పొచ్చు కదండీ" అంది. "వచ్చీరాగానే ఆ ఒక్క మాటా చెప్పొచ్చు కదా" అంటూనే బయటికి నడిచింది. గేటు దగ్గర హోంగార్డుకి సంగతి తెలిసి గబగబా బూట్లు విప్పేశాడు. అడ్డంగా ఉన్న బండ్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి పక్కకి పెట్టి దారి చేశాడు. నాన్న బండి మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. "పూజ సామానన్నారు కదమ్మా" అన్నాడు, నిష్ఠూరంగా కాదు, బాధగా. నేను గుడి వైపు చూడడం గమనించి, "ఆ, స్వామికి తెలీదాండి? ఆయనే కాపలా కాశాడు" అన్నాడు.

తాళం చెవి రెండుసార్లు జారింది. డిక్కీ తెరిస్తే ముంత పక్కకి ఒరిగి, అంచు పెచ్చు లేచి ఉంది. గుడ్డ ముడి మాత్రం ఊడలేదు. సంచీతో సహా ఎత్తి గుండెకి ఆనించుకున్నాను. తర్వాత కొక్కేనికి తగిలించాను.

"చలానా అప్పుడే పడిపోయిందండి, అది తీసేయడం నా చేతుల్లో లేదు. బోర్డు కనపడలేదని అర్జీ పెట్టుకోండి, ఈ ఫొటో మీకు పంపిస్తాను" అంది ఎస్సై గారు. "ఫ్లెక్సీ మాత్రం కాస్త పక్కకి కట్టించండి." సరేనన్నాను. పిల్లల్ని గీత దాటనివ్వని మనిషి, జీవితంలో ఒక్క చలానా ఎరగని మనిషి. పోయాక ఆయన పేరు మీద పడింది. ఆ సంగతి తలుచుకుని ఏడవడానికి అప్పుడు టైము లేదు.

గట్టు రోడ్డు మీద ఎలా నడిపానో దేవుడికే తెలియాలి. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి ముంత మీద. పంతులు గారు వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. బాబాయి అనాల్సింది అనేసి ఉంటాడనుకున్నాను. అమ్మకి ఏం మొహం పెట్టుకుని కనపడను?

రేవు మెట్ల మీద పంతులు గారు ఉన్నారు. సంచీ భుజానికి తగిలించుకునే ఉన్నారు గానీ వెళ్ళలేదు. బాబాయి ఒక మెట్టు ఎక్కుతున్నాడు, ఒక మెట్టు దిగుతున్నాడు. మా ఆయన పొడి తువ్వాలు పట్టుకుని నీళ్ళ అంచున నిలబడ్డారు. అమ్మ నీళ్ళల్లో ఉంది. నడుం లోతు గోదాట్లో, కింది మెట్టు మీద కూర్చుని, ఒడ్డు వైపు తిరిగి దారి చూస్తోంది.

"ఎక్కడికెళ్ళిపోయావ్? అత్తయ్య గారు స్నానమని దిగారు, ఇంక లేవరే. ముంత వచ్చేదాకా లేవనంటున్నారు. నీతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాక దిగారు, ఇప్పటిదాకా అలాగే" అన్నారు మా ఆయన.

"మహాతల్లి వచ్చింది" అన్నాడు బాబాయి. ఇంకా ఏదో అనబోయి, నీళ్ళల్లో ఉన్న వదిన వైపు చూసి ఆగిపోయాడు. తడిబట్టలతో వణుకుతున్న మనిషి ముందు ఏమనగలడు? ఆవిణ్ణి అలా వదిలేసి వెళ్ళడానికి పంతులు గారికీ కాళ్ళు రాలేదట. "వర్జ్యం ఇంకా రాలేదమ్మా, దిగు దిగు, త్వరగా" అంటూ ఆయన దర్భల కోసం చెయ్యి చాపారు.

ముంత పట్టుకుని నీళ్ళల్లోకి దిగాను. మార్గశిరం నీళ్ళు, జివ్వుమన్నాయి. అమ్మ పెదాలు నల్లబడిపోయాయి. పక్కన కూర్చోగానే నా చెవి దగ్గరికి వంగి, ఒడ్డున ఎవరికీ వినపడకుండా అడిగింది.

"దొరికారా?"

"ఏంటమ్మా?"

"మీ నాన్న దొరికారా అని. ఆయన ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు నాకు రాదు. బండి నంబరు కూడా తెలీదనుకున్నావా? బండికేదో అయ్యిందని, అది చూశాకే నీకు ఫోన్ చేశాను."

చలానా మెసేజ్ ఓనరు ఫోనుకే వెళ్తుందన్న సంగతి నాకు తట్టనేలేదు. ఒడ్డున, మడతపెట్టిన పొడి చీరలో దాచి పెట్టిన నాన్న ఫోను అంచు కనపడుతోంది. మా ఆయన చేతికి కూడా ఇవ్వలేదు. కూతుర్ని ఒక్క మాట అనే అవకాశం ఎవరికీ రాకూడదని, ఇంకేమీ తోచక, నీళ్ళల్లో దిగి కూర్చుంది.

"దొరికారమ్మా" అన్నాను.

అమ్మ చేతులు పైకి తీసింది. నానిపోయి వేళ్ళన్నీ ముడతలు పడిపోయాయి. ఆ చేతులతో ముంతని నా దగ్గర్నుంచి తీసుకుంది. పెచ్చు లేచిన అంచుని బొటనవేలితో తడిమి చూసింది.

"ఎప్పుడనగా బయల్దేరారు, ఇప్పుడా రావడం?" అంది, నాతో కాదు.